అభ్యాసక సహాయ సిబ్బంది: పని – జీవిత సమతుల్యత

ఉద్దేశాలు

ఈ యూనిట్‌ను చదివిన తరువాత మీరు:
• సార్వత్రిక విశ్వవిద్యాలయంలో అభ్యాసకులకు సేవలందించే సిబ్బంది ఎవరో, వారి పని స్వభావం ఏమిటో వివరించగలుగుతారు.
• పని – జీవిత సమతుల్యత అనే భావనను నిర్వచించి, పనికీ కుటుంబానికీ మధ్య ఏర్పడే మూడు రకాల సంఘర్షణలను గుర్తించగలుగుతారు.
• బాధ్యత ఎక్కువగా, అధికారం తక్కువగా ఉన్న ఉద్యోగాల్లో ఒత్తిడి ఎందుకు పెరుగుతుందో విశ్లేషించగలుగుతారు.
• విశ్వవిద్యాలయం, అధ్యయన కేంద్రం, ఉద్యోగి, అభ్యాసకుడు – ఈ నాలుగు స్థాయిల్లో చేయదగిన ఏర్పాట్లను సూచించగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

రాజన్న సిరిసిల్ల జిల్లా ముస్తాబాద్ మండలం నుంచి ఒక అభ్యాసకురాలు ఆదివారం ఉదయం తరగతికి బయలుదేరిందనుకుందాం. వారంలో ఆరు రోజులు ఆమె ఇంటిపని చూసుకుంటూ బీడీలు చుడుతుంది. ఆమె భర్త సిరిసిల్లలో సాంచాల మీద పనిచేస్తాడు. చదువు కోసం ఇల్లు విడిచి రావడానికి ఆమెకు వీలయ్యేది ఆదివారం ఒక్కటే. బస్సు దిగి అధ్యయన కేంద్రానికి చేరేసరికి గేటు తెరిచి ఉంటుంది. గదులు ఊడ్చి ఉంటాయి. హాజరు పట్టిక బల్లమీద ఉంటుంది. పాఠం చెప్పే కౌన్సిలర్ వచ్చి కూర్చుని ఉంటారు.

ఇప్పుడు ఇదే దృశ్యాన్ని రెండో వైపు నుంచి చూడండి. గేటు తెరిచిన అటెండరు, హాజరు పట్టిక సిద్ధం చేసిన సహాయకురాలు, పాఠం చెప్పే అధ్యాపకుడు సాధారణంగా ఆ కళాశాలలోనే సోమవారం నుంచి శనివారం దాకా రెగ్యులర్ విద్యార్థులకు పనిచేసినవారే అయి ఉంటారు. అభ్యాసకురాలికి చదువుకునే అవకాశం ఇచ్చిన సెలవు రోజు వీరికి పనిదినం అయింది. వీరి ఇళ్ళలోనూ పిల్లలు ఉంటారు, ముసలి తల్లిదండ్రులు ఉంటారు, హాజరు కావలసిన పెళ్ళిళ్ళు ఉంటాయి.

దూరవిద్యలో పని – జీవిత సమతుల్యత సమస్య ఇక్కడే మొదలవుతుంది. ఇతర ఉద్యోగాల్లో ఆదివారం పని చేయవలసి రావడం అప్పుడప్పుడూ జరిగే విషయం. సార్వత్రిక విద్యలో అది ఆ విద్య పుట్టుకలోనే ఉన్న లక్షణం. కాబట్టి ‘ఆదివారాలు పనిచేయించకండి’ అన్న సలహా ఇక్కడ పనికిరాదు. అలా చేస్తే ముస్తాబాద్ నుంచి వచ్చే అభ్యాసకురాలికి చదువే ఉండదు. ‘సేవాభావం ఉన్నవారికి సెలవు లెక్క ఏమిటి’ అన్న మాట కూడా పనికిరాదు. అలసిపోయిన సిబ్బంది చివరకు అభ్యాసకులకే దూరమవుతారు. ఈ రెండింటి మధ్య దారి ఏమిటన్నదే ఈ యూనిట్‌లో మన చర్చ.

2. అభ్యాసక సహాయ సిబ్బంది ఎవరు?

మన దేశంలో మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం 1982లో హైదరాబాదులో ఆంధ్రప్రదేశ్ సార్వత్రిక విశ్వవిద్యాలయం పేరుతో ఏర్పడింది. 1991లో దానికి డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరు పెట్టారు. మొదటి ఉపకులపతి ఆచార్య జి. రాంరెడ్డి. 1985లో ఇందిరాగాంధీ జాతీయ సార్వత్రిక విశ్వవిద్యాలయం ఏర్పడినప్పుడు దానికీ ఆయనే తొలి ఉపకులపతి. ఈ విశ్వవిద్యాలయాలు ఊరూరా కొత్త భవనాలు కట్టుకోలేదు. అప్పటికే ఉన్న కళాశాలల్లో అధ్యయన కేంద్రాలను నెలకొల్పి, అక్కడి అధ్యాపకుల, కార్యాలయ సిబ్బంది సేవలను ఉపయోగించుకున్నాయి. తక్కువ ఖర్చుతో చదువు చిన్న పట్టణాల దాకా చేరడానికి ఈ పద్ధతి కారణమైంది. ఒకే మనిషి రెండు సంస్థలకు పనిచేయవలసిన స్థితికీ ఇదే కారణమైంది.

అధ్యయన కేంద్రంలో సాధారణంగా నాలుగు రకాల వారు ఉంటారు. కేంద్రాన్ని నడిపించే సమన్వయకర్త, అంటే కోఆర్డినేటర్. తరగతులు తీసుకునే కౌన్సిలర్లు. ప్రవేశాలు, ఫీజులు, పుస్తకాల పంపిణీ, పరీక్షల రికార్డులు చూసే సహాయకులు. గదులు తెరవడం నుంచి జవాబు పత్రాల కట్టలు మోయడం దాకా అన్నీ చేసే అటెండర్లు. వీరిలో చాలామందికి ఇది అసలు ఉద్యోగం కాదు. అదనపు బాధ్యత. దానికి వచ్చేది జీతం కాదు, గౌరవ వేతనం.

జర్మన్ విద్యావేత్త ఒట్టో పీటర్స్ దూరవిద్యను పారిశ్రామిక ఉత్పత్తితో పోల్చారు. సంప్రదాయ కళాశాలలో ఒకే అధ్యాపకుడు పాఠం తయారు చేసి, చెప్పి, పరీక్ష పెట్టి, దిద్దుతాడు. దూరవిద్యలో ఈ పనులన్నీ విడిపోతాయి. ఒకరు పాఠం రాస్తారు, ఒకరు అచ్చు వేయిస్తారు, ఒకరు పంపిస్తారు, ఒకరు వివరిస్తారు, మరొకరు దిద్దుతారు. సిరిసిల్ల వారికి ఈ పోలిక సులభంగా అర్థమవుతుంది. వార్పిన్ పట్టేవారు వేరు, కండెలు చుట్టేవారు వేరు, సాంచా నడిపేవారు వేరు. బట్టలో ఎక్కడో లోపం వస్తే మాట పడేది మాత్రం చివరగా బట్ట చేతికిచ్చిన మనిషి.

అధ్యయన కేంద్రం సిబ్బంది పరిస్థితి కూడా ఇదే. పుస్తకం అచ్చు కావడంలో ఆలస్యమైనా, హాల్ టికెట్టులో పేరు తప్పు పడినా, ఫలితం ఆగిపోయినా అభ్యాసకుడికి కనిపించే ముఖం కేంద్రంలో కూర్చున్న సహాయకుడిదే. ఈ విషయాన్ని గుర్తుంచుకోండి. ఐదో విభాగంలో దీనితో మనకు పని ఉంది.

3. పని – జీవిత సమతుల్యత అంటే ఏమిటి?

సమతుల్యత అనగానే తక్కెడ గుర్తుకొస్తుంది. ఒక పళ్ళెంలో పని గంటలు, రెండో పళ్ళెంలో ఇంటి గంటలు సమానంగా ఉండాలని చాలామంది అనుకుంటారు. ఇది సరైన అవగాహన కాదు. పరీక్షల నెలలో పని ఎక్కువగా ఉంటుంది, వేసవిలో తక్కువగా ఉంటుంది. ఇంట్లో పసిపిల్ల ఉన్న ఏడాది ఇల్లు ఎక్కువ సమయం కోరుతుంది. ఒక వ్యక్తి తన ఉద్యోగ బాధ్యతలనూ, కుటుంబ, ఆరోగ్య, సామాజిక బాధ్యతలనూ ఒకదాని వల్ల మరొకటి శాశ్వతంగా దెబ్బతినకుండా నిర్వహించగలిగే స్థితినే పని – జీవిత సమతుల్యత అంటాం.

ఈ స్థితి ఎలా దెబ్బతింటుందో 1985లో గ్రీన్‌హాస్, బ్యూటెల్ అనే ఇద్దరు పరిశోధకులు వివరించారు. వారు చెప్పిన సంఘర్షణలు మూడు.

అ) కాల సంఘర్షణ: ఒకే సమయం రెండు చోట్ల కావలసి రావడం. ఆదివారం తరగతి, అదే రోజు చెల్లెలి ఇంట్లో పిల్లవాడి పుట్టువెంట్రుకలు. ఏదో ఒకటే సాధ్యం.

ఆ) ఒత్తిడి సంఘర్షణ: సమయం ఉన్నా మనసు లేకపోవడం. సాయంత్రం ఆరింటికే ఇంటికి వచ్చినా, పగలు ఒక అభ్యాసకుడితో జరిగిన వాదన తలలో తిరుగుతూ ఉంటే పిల్లల మాట చెవికెక్కదు.

ఇ) ప్రవర్తన సంఘర్షణ: ఒక చోట అవసరమైన నడవడి మరో చోట పనికిరాకపోవడం. పరీక్ష హాలులో అవసరమైన కటువుతనం ఇంటి గడప దాటి లోపలికి వస్తే భార్యాపిల్లలు బెదురుతారు. ఇంట్లోని మెత్తదనం పరీక్ష హాలులో చూపితే క్రమశిక్షణ పోతుంది.

సంస్థలు సాధారణంగా మొదటి దాన్నే చూస్తాయి. ఎందుకంటే గంటలను లెక్కపెట్టవచ్చు. అధ్యయన కేంద్రం సిబ్బందిని ఎక్కువ కాలం బాధించేది మాత్రం రెండోది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
1. ‘అధ్యయన కేంద్రం సిబ్బందికి ఆదివారం పని అప్పుడప్పుడూ వచ్చేది కాదు’ – ఎందుకు?
2. గత నెలలో మీ ఇంట్లో జరిగిన ఒక కాల సంఘర్షణను, ఒక ఒత్తిడి సంఘర్షణను రాయండి.

4. వారాంతపు సెలవు: ఒక చరిత్ర

ఆదివారం సెలవు ఎప్పటినుంచో ఉన్నదని మనం అనుకుంటాం. మన దేశంలో మిల్లు కార్మికులు దానిని పోరాడి తెచ్చుకున్నారు. బొంబాయి నూలు మిల్లుల కార్మికులకు వారానికి ఒక రోజు విశ్రాంతి కావాలని నారాయణ్ మేఘాజీ లోఖండే 1880లలో ఉద్యమించారు. 1890లో మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు అంగీకరించారు. సిరిసిల్ల ప్రాంతం నుంచి బొంబాయి, భివండీ, షోలాపూర్ నగరాలకు వలస వెళ్ళిన నేత కుటుంబాలు ఎన్నో ఉన్నాయి. కాబట్టి ఈ చరిత్ర ఈ ప్రాంతపు పాఠకులకు దూరపు సంగతి కాదు.

1921లో అంతర్జాతీయ కార్మిక సంస్థ పారిశ్రామిక కార్మికులకు ప్రతి ఏడు రోజుల్లో కనీసం 24 గంటల విశ్రాంతి ఉండాలని ఒడంబడిక చేసింది. 1923లో భారతదేశం దానిని ఆమోదించింది. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి 48 గంటలు, రోజుకు 9 గంటలు అనే పరిమితులనూ, వారపు సెలవునూ నిర్దేశించింది.

ఆ చట్టంలోని 53వ సెక్షన్ మన చర్చకు చాలా ముఖ్యం. చట్టం కింద ఇచ్చిన మినహాయింపు వల్ల కార్మికుడికి వారపు సెలవులు పోతే, పోయిన సెలవులకు సమానమైన రోజులను అదే నెలలో గాని, తరువాతి రెండు నెలల్లో గాని తిరిగి ఇవ్వాలని అది చెప్పింది. దీన్నే బదులు సెలవు అంటాం. ఇందులో రెండు సూత్రాలు ఉన్నాయి. ఒకటి: పోయిన సెలవు మాఫీ కాదు, బాకీ అవుతుంది. రెండు: ఆ బాకీకి గడువు ఉంటుంది. ‘తరువాత ఎప్పుడైనా తీసుకోండి’ అంటే చెల్లదు.

కళాశాల ఫ్యాక్టరీ కాదు. ఈ చట్టం అధ్యయన కేంద్రాలకు వర్తించేది కాదు. కానీ మగ్గం దగ్గర నిలబడే మనిషి విషయంలో చట్టం గుర్తించిన న్యాయం, బల్ల వెనుక కూర్చునే మనిషి విషయంలో ఎందుకు వర్తించకూడదన్న ప్రశ్న మిగిలే ఉంటుంది.

ఒక చిన్న లెక్క వేద్దాం. ఏడాదికి 52 ఆదివారాలు. ఒక కేంద్రంలో తరగతులకు 20, పరీక్షలకు 8, ప్రవేశాల పనికి 4 ఆదివారాలు అవసరమనుకోండి. మొత్తం 32. అన్నింటికీ ఒకే వ్యక్తి హాజరైతే ఆయనకు మిగిలేవి 20. ఇద్దరు వంతులవారీగా పంచుకుంటే ఒక్కొక్కరికి 16 పోయి 36 మిగులుతాయి. అభ్యాసకులకు అందే సేవలో ఒక్క గంట కూడా తగ్గలేదు. మారినది ఏర్పాటు మాత్రమే.

5. బాధ్యత ఉంది, అధికారం లేదు

అమెరికన్ పరిశోధకుడు రాబర్ట్ కారసెక్ 1979లో ఉద్యోగ ఒత్తిడిని రెండు అంశాలతో వివరించారు. మొదటిది, పని మన నుంచి ఎంత కోరుతుంది. రెండోది, ఆ పని మీద మనకు ఎంత నిర్ణయాధికారం ఉంది. పని ఎక్కువగా ఉన్నా నిర్ణయాధికారం ఉంటే మనిషి నిలదొక్కుకుంటాడు, కొత్తవి నేర్చుకుంటాడు కూడా. పని ఎక్కువై, నిర్ణయాధికారం తక్కువైనప్పుడు ఒత్తిడి అన్నింటికంటే తీవ్రంగా ఉంటుంది.

దీన్ని కేంద్రంలోని సహాయకుడికి అన్వయించండి. పరీక్ష రేపు ఉదయం. ఒక అభ్యాసకుడి హాల్ టికెట్టు రాలేదు. అతను సాంచా ఆపుకొని, ఆ రోజు కూలి పోగొట్టుకొని వచ్చాడు. కోపంగా ఉన్నాడు. ఆ కోపం న్యాయమైనదే. సహాయకుడు ప్రాంతీయ కేంద్రానికి ఫోన్ చేస్తాడు. అక్కడివారు ప్రధాన కార్యాలయాన్ని అడగాలంటారు. హాల్ టికెట్టును సరిచేసే అధికారం సహాయకుడికి లేదు. మాట పడే బాధ్యత మాత్రం ఉంది. ఆ గంటలో ఆయన చేసిన పని ఏ రికార్డులోనూ ఎక్కదు. అయినా ఆ రోజు మొత్తంలో ఆయన్ను అన్నింటికంటే అలసటకు గురిచేసింది ఆ గంటే.

లోపల విసుగు ఉన్నా ముఖంలో ఓర్పు చూపడం కూడా శ్రమేనని సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లో చెప్పారు. దానికి ఆమె పెట్టిన పేరుకు తెలుగులో ‘భావోద్వేగ శ్రమ’ అనవచ్చు. బస్తా మోసేవాడి భుజం నొప్పి అందరికీ కనిపిస్తుంది. ఈ శ్రమ కనిపించదు కాబట్టి దానికి విశ్రాంతి అవసరమని ఎవరికీ తోచదు.

ఇలాంటి ఒత్తిడి ఏళ్ళ తరబడి సాగితే వచ్చే స్థితిని బర్న్‌అవుట్ అంటారు. దీని మీద విస్తృతంగా పరిశోధించిన క్రిస్టినా మాస్లాక్ మూడు లక్షణాలను గుర్తించారు.

అ) మానసికంగా పూర్తిగా అలసిపోవడం. ఉదయం లేవగానే కేంద్రం గుర్తొచ్చి నీరసం రావడం.
ఆ) ఎదుటి మనిషిని మనిషిగా చూడలేకపోవడం. ‘వీళ్ళంతా ఇంతే’ అన్న మాట నోట రావడం.
ఇ) తాను చేస్తున్న పనికి విలువ లేదనిపించడం.

2019లో ప్రపంచ ఆరోగ్య సంస్థ తన వ్యాధుల వర్గీకరణలో బర్న్‌అవుట్‌ను జబ్బుగా కాక, పనికి సంబంధించిన పరిణామంగా పేర్కొంది. పని ప్రదేశంలోని ఒత్తిడిని సరిగా నిర్వహించకపోవడం వల్ల అది కలుగుతుందని చెప్పింది. అంటే దానికి మందు ఉద్యోగి ఒక్కడి దగ్గరే వెతకడం సరికాదు. పని ఏర్పాటులోనూ వెతకాలి.

రెండో లక్షణాన్ని అభ్యాసకులుగా మీరు ప్రత్యేకంగా గమనించాలి. కిటికీ అవతలి నుంచి వచ్చిన కరుకు జవాబు ఒక్కోసారి చదువునే ఆపేస్తుంది. ఎంతో ధైర్యం చేసి పదేళ్ళ తరువాత మళ్ళీ చదువు మొదలుపెట్టిన మనిషి, ‘రేపు రా’ అన్న ఒక్క మాటతో వెనక్కి తిరిగి మళ్ళీ రాకపోవచ్చు. సిబ్బంది అలసటకు మూల్యం చెల్లించేది అభ్యాసకులే.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
1. బదులు సెలవు వెనుక ఉన్న రెండు సూత్రాలు ఏమిటి?
2. కారసెక్ చెప్పిన రెండు అంశాలను మీ ఉద్యోగానికి అన్వయించి ఐదు వాక్యాలు రాయండి.

6. చేతిలోని ఫోన్

ఒకప్పుడు కేంద్రానికి తాళం వేస్తే పని ఆగేది. ఇప్పుడు తాళం వేసినా ఫోన్ ఆగదు. వాట్సాప్ గ్రూపులు వచ్చిన తరువాత సమాచారం వేగంగా చేరుతోంది. ఇది అభ్యాసకులకు గొప్ప మేలు. ముస్తాబాద్ నుంచి పరీక్ష ఫీజు గడువు కనుక్కోవడానికి బస్సెక్కి రావలసిన అవసరం తప్పింది. అదే సమయంలో పనికీ ఇంటికీ మధ్య ఉన్న గీత చెరిగిపోయింది.

ఇతర దేశాలు దీన్ని ఎలా ఎదుర్కొన్నాయి? ఫ్రాన్స్‌లో 2017 జనవరి నుంచి ఒక చట్టం అమలులోకి వచ్చింది. 50 మందికి పైగా ఉద్యోగులున్న సంస్థలు, పని వేళల తరువాత ఫోన్లకు, మెయిళ్ళకు దూరంగా ఉండే హక్కు గురించి ఉద్యోగులతో చర్చించాలని అది చెబుతుంది. మన పార్లమెంటులోనూ సుప్రియా సూలే ఈ హక్కు కోసం ప్రైవేటు సభ్యుల బిల్లును ప్రతిపాదించారు. అది చట్టం కాలేదు.

ఆ హక్కును మన కేంద్రాలకు ఉన్నదున్నట్టు తెచ్చుకుంటే ఏమవుతుంది? సాయంత్రం ఐదింటికి ఫోన్ కట్టేస్తే, చుట్టిన బీడీలు అప్పగించి, వంట ముగించి, రాత్రి ఎనిమిదింటికి ఇంట్లోని ఒక్క ఫోన్ చేతికి వచ్చిన అభ్యాసకురాలు ఎవరిని అడగాలి? ఆమెకు ఖాళీ దొరికే సమయం సిబ్బంది విశ్రాంతి సమయం. సార్వత్రిక విద్య అవసరమైనది ఆమెలాంటి వారికోసమే. కాబట్టి ప్రశ్నను ఇలా వేసుకోవాలి: రాత్రి ఎనిమిదింటికి ఫోన్ ఎత్తే మనిషి ఎవరు? ఆయనకు ఆ గంట ఎక్కడ తిరిగి వస్తుంది?

ఇక్కడ నా అనుభవం ఒకటి చెప్పడం అవసరం. నేను సర్వీసులో ఉన్న కాలంలో, రాత్రి పదింటికైనా ఫోన్ ఎత్తి జవాబు చెప్పే ఒక సహాయకుడు ఉండేవాడు. ఒక సభలో ఆయనకు శాలువా కప్పి సన్మానించాం. అందరూ ఆయనలా ఉండాలని నేనే మాట్లాడాను. రెండేళ్ళ తరువాత ఆ బాధ్యత తనకు వద్దని ఆయన కాగితం రాసిచ్చారు. ఇంట్లో అన్నం తినేటప్పుడు కూడా ఫోన్ పక్కన పెట్టలేకపోతున్నానని చెప్పారు. సన్మానం చేశాం గాని, ఒక్క బదులు సెలవు ఇవ్వలేదని నాకు అప్పుడు తట్టింది. వ్యక్తి మంచితనం మీద నడిచే సేవ, ఆ వ్యక్తి అలసిపోయిన రోజున ఆగిపోతుంది. ఏర్పాటు మీద నడిచే సేవ ఆగదు.

7. మహిళా సిబ్బంది విషయంలో

జాతీయ గణాంక కార్యాలయం 2019లో జరిపిన కాల వినియోగ సర్వే ప్రకారం, జీతం లేని ఇంటిపనిలో పాల్గొనే మహిళలు అప్పట్లో రోజుకు సగటున 299 నిమిషాలు అందులో గడిపేవారు. పాల్గొనే పురుషులు గడిపింది 97 నిమిషాలు. అంటే ఆదివారం తరగతికి వచ్చిన మహిళా కౌన్సిలర్ వంట చేసిపెట్టి వచ్చి ఉంటారు, వెళ్ళి మళ్ళీ వంట చేస్తారు. ఒకే డ్యూటీ చార్టులో ఒకే గంటలు ఉన్నా భారం సమానం కాదు.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి వేతనంతో కూడిన సెలవును 26 వారాలకు పెంచారు. 50 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు శిశు సంరక్షణ కేంద్రం ఏర్పాటు చేయాలని నిర్దేశించారు. నలుగురైదుగురితో నడిచే అధ్యయన కేంద్రం ఆ సంఖ్యకు చేరదు. అయినా తరగతుల రోజున ఒక గదిని పిల్లలకు కేటాయించడానికి చట్టం అక్కరలేదు. అది సిబ్బంది పిల్లలకే కాదు, పసిపిల్లలతో తరగతికి వచ్చే అభ్యాసకురాళ్ళకూ ఉపయోగపడుతుంది.

8. ఏం చేయవచ్చు?

8.1 విశ్వవిద్యాలయ స్థాయిలో

సిబ్బందికి వచ్చే ఫోన్లలో చాలావాటికి మూలం, సమాచారం ముందుగా అందకపోవడం. తరగతుల తేదీలు, ఫీజు గడువు, పరీక్షల కాలపట్టిక ఏడాది మొదట్లోనే ప్రకటించి వాటికి కట్టుబడితే, కేంద్రం మీద పడే ఒత్తిడి దానంతట అదే తగ్గుతుంది. చిన్న తప్పులను సరిచేసే అధికారం కేంద్రానికే ఇవ్వాలి. హాల్ టికెట్టులో అక్షర దోషానికి తాత్కాలిక ధ్రువీకరణ ఇచ్చే వీలు కోఆర్డినేటరుకు ఉంటే, ఐదో విభాగంలో చూసిన గంట ఐదు నిమిషాల్లో ముగిసేది. కారసెక్ సిద్ధాంతం ప్రకారం ఇదే అసలైన ఒత్తిడి నివారణ.

ఉద్యోగ భద్రత కూడా ఇందులో భాగమే. 1969లో ఏర్పడిన బ్రిటన్ సార్వత్రిక విశ్వవిద్యాలయం చాలాకాలం తన ట్యూటర్లను కోర్సుల వారీ ఒప్పందాలతో నడిపింది. ఉద్యోగ సంఘంతో సుదీర్ఘ చర్చల తరువాత 2022లో వేలాది మందిని శాశ్వత ఒప్పందాల మీదికి మార్చింది. వచ్చే ఏడాది పని ఉంటుందో లేదో తెలియని మనిషి ఏ పనికీ ‘కాదు’ అనలేడు.

8.2 అధ్యయన కేంద్రం స్థాయిలో

అ) ఆదివారాలకు వంతుల పట్టిక వేసి నెల ముందుగా గోడకు అంటించాలి. పెళ్ళి, పండుగ ఉన్నవారు పరస్పరం మార్చుకునే వీలుండాలి.
ఆ) పోయిన ప్రతి ఆదివారానికి బదులు సెలవును రిజిస్టరులో రాసి, రెండు నెలల లోపు ఇవ్వాలి. కళాశాల ప్రిన్సిపాల్‌తో కోఆర్డినేటర్ ముందే మాట్లాడుకుంటేనే ఇది సాధ్యమవుతుంది.
ఇ) కేంద్రానికి విడిగా ఒక ఫోన్ ఉండాలి. సిబ్బంది సొంత నంబర్లు ఇవ్వకూడదు. వారానికి రెండు రోజులు, రాత్రి 8 నుంచి 9 దాకా, వంతు ప్రకారం ఒకరు ఆ ఫోన్ ఎత్తాలి. ఆ గంట కూడా లెక్కలోకి రావాలి.
ఈ) వాట్సాప్ గ్రూపులో కేంద్రం మాత్రమే సమాచారం పెట్టేలా అమర్చుకోవాలి. ప్రశ్నలకు విడిగా సమయం ఉండాలి.
ఉ) స్థానిక పని కాలాలను గమనించాలి. ఉదాహరణకు 2017 నుంచి కొన్నేళ్ళు ప్రభుత్వం బతుకమ్మ చీరల తయారీని సిరిసిల్ల మరమగ్గాలకు అప్పగించింది. అలాంటి ఆర్డర్లు నడిచే నెలల్లో నేత పనివారు తరగతికి రాలేరు. ఖాళీ గదిలో కౌన్సిలర్ కూర్చోవడం ఇద్దరికీ నష్టం. ఆ తరగతులను ముందుకో వెనక్కో జరపడం మేలు.

8.3 ఉద్యోగి స్థాయిలో

ఒక వారం పాటు మీకు వచ్చిన ప్రతి ఫోన్‌నూ నోటుబుక్కులో రాయండి: ఎవరు, ఎప్పుడు, దేనికి. వారం చివర ఒకే రకమైన ప్రశ్నలను లెక్కపెట్టండి. ఎక్కువసార్లు వచ్చిన ఐదు ప్రశ్నలకు జవాబులు రాసి గ్రూపులో పెట్టండి, నోటీసు బోర్డుకు అంటించండి. ఈ నోటుబుక్కు మరో విధంగానూ పనికొస్తుంది. అదనపు మనిషి కావాలని అడిగేటప్పుడు అది మీ వాదనకు ఆధారం.

మీ పరిధి ఎంతవరకో తెలుసుకోవడం కూడా ముఖ్యం. తీవ్రమైన నిరాశలో ఉన్న అభ్యాసకుడు మీతో మాట్లాడితే శ్రద్ధగా వినండి, ఒంటరిగా వదలకండి. కానీ చికిత్స మీ పని కాదు. 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన టెలీ మానస్ సేవకు 14416 నంబరు మీద ఉచితంగా ఫోన్ చేయవచ్చు. ఆ నంబరు ప్రతి కేంద్రంలో గోడమీద ఉండాలి. అది సిబ్బందికి కూడా వర్తిస్తుంది.

8.4 అభ్యాసకుడి స్థాయిలో

ఈ పాఠం చదువుతున్న మీరు కూడా ఉద్యోగం, ఇల్లు, చదువు అనే మూడింటి మధ్య నడుస్తున్నవారే. సిబ్బంది ఇబ్బంది మీకు చెప్పకుండానే తెలుస్తుంది. ఫోన్ చేసే ముందు కరపత్రం, గ్రూపు సందేశం ఒకసారి చూడండి. మీ ప్రవేశ సంఖ్య చేతిలో పెట్టుకొని మాట్లాడండి. ఒక ఊరివారు నలుగురు ఉంటే ఒకరు అడిగి మిగిలినవారికి చెప్పండి. ఇవి చేస్తే మీ హక్కు ఏమీ తగ్గదు. సేవ సరిగా అందకపోతే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయండి. ఫిర్యాదును అధికారం ఉన్నచోటికి పంపండి. అధికారం లేని మనిషి మీద అరవడం వల్ల మీ పని కాదు, ఆయన రోజు చెడుతుంది.

9. సారాంశం

సార్వత్రిక విద్యలో అభ్యాసకుడి సెలవు రోజు సిబ్బందికి పనిదినం. ఈ స్థితిని మార్చలేం. ఎందుకంటే పనిచేసుకుంటూ చదివేవారికి వేరే రోజు లేదు. కానీ పోయిన సెలవును బాకీగా గుర్తించి, గడువు లోపల తిరిగి ఇవ్వగలం. పని – జీవిత సంఘర్షణలు కాలం, ఒత్తిడి, ప్రవర్తన అని మూడు రకాలు. బాధ్యత ఉండి అధికారం లేని చోట ఒత్తిడి తీవ్రమవుతుంది, అది బర్న్‌అవుట్‌కు దారితీస్తుంది, దాని నష్టం అభ్యాసకులకు చేరుతుంది. కాబట్టి సమతుల్యత అనేది ఉద్యోగి ఒక్కడే అలవరచుకునే మెళకువ కాదు. వంతుల పట్టిక, బదులు సెలవు, కేంద్రానికి విడి ఫోన్, ముందుగా అందే సమాచారం, కింది స్థాయిలో కొంత నిర్ణయాధికారం – వీటితో సంస్థ చేయవలసిన ఏర్పాటు. ముస్తాబాద్ నుంచి వచ్చే అభ్యాసకురాలికి వచ్చే ఆదివారం కూడా గేటు తెరిచి ఉండాలంటే, గేటు తెరిచే మనిషికి మరో రోజు ఇంట్లో ఉండే వీలు కలగాలి.

10. నమూనా పరీక్ష ప్రశ్నలు

I. ఈ కింది ప్రశ్నలకు 30 వాక్యాలలో జవాబులు రాయండి.
1. పని – జీవిత సమతుల్యతను నిర్వచించి, దూరవిద్యా కేంద్రాల సిబ్బంది ఎదుర్కొనే సంఘర్షణలను ఉదాహరణలతో వివరించండి.
2. ‘సమతుల్యత వ్యక్తి నైపుణ్యం కాదు, సంస్థ ఏర్పాటు’ – చర్చించండి.

II. ఈ కింది ప్రశ్నలకు 10 వాక్యాలలో జవాబులు రాయండి.
1. బర్న్‌అవుట్ లక్షణాలు
2. బదులు సెలవు
3. పని వేళల తరువాత ఫోన్‌కు దూరంగా ఉండే హక్కు – అధ్యయన కేంద్రాలకు దాని వర్తింపు

III. కృత్యం
మీ అధ్యయన కేంద్రంలో గత ఏడాది తరగతులు, పరీక్షలు జరిగిన ఆదివారాలను లెక్కించండి. ముగ్గురు సిబ్బందికి సమానంగా వచ్చేలా వంతుల పట్టిక తయారు చేసి, ఒక్కొక్కరికి ఎన్ని బదులు సెలవులు రావాలో చూపండి.